యాజమాన్యం మారుతోంది, రాజీనామా కాగితం మీద సంతకం అడుగుతున్నారు. యూనియన్‌లో ఇప్పుడు చేరాలా, తర్వాత చేరాలా?

ల్యాబ్_సూర్యారావుపేట, ఆదివారం

అందరికీ నమస్కారం. విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో పదకొండేళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆసుపత్రి పెట్టిన డాక్టరుగారికి వయసు మీద పడింది. పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు. అందుకని బయటి రాష్ట్రానికి చెందిన ఒక పెద్ద ఆసుపత్రుల సంస్థకు అమ్మేస్తున్నారు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి కొత్త యాజమాన్యం.

ఈ వారం మమ్మల్ని ఒక్కొక్కరినే ఆఫీసు గదిలోకి పిలిచి రెండు కాగితాలు ముందు పెడుతున్నారు. మొదటిది రాజీనామా. "వ్యక్తిగత కారణాల వల్ల" అని ముందే టైపు చేసి ఉంది, తేదీ దగ్గర మాత్రం ఖాళీ. రెండోది కొత్త సంస్థ పేరుతో నియామక పత్రం. ఆరు నెలల ప్రొబేషన్, వారి శాఖ ఎక్కడుంటే అక్కడికి బదిలీ అని రాసి ఉంది. మిగిలిపోయిన సెలవుల ప్రస్తావనే లేదు. నా జీతం మొత్తం 26 వేలు, అందులో బేసిక్ 18 వేలు. ఇప్పుడు బేసిక్ 11 వేలకు దించి తేడాను అలవెన్సుల్లో చూపించారు. "రెండింటి మీదా సంతకం ఉంటేనే ఒకటో తేదీన హాజరు యంత్రం మీ వేలిముద్ర తీసుకుంటుంది" అన్నారు. ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామంటే కాగితాలు ఇవ్వలేదు.

అన్ని విభాగాలూ కలిపి 240 మంది దాకా ఉన్నాం. ఇంతకాలం సంఘం లేదు. ఎవరికి ఏ కష్టం వచ్చినా డాక్టరుగారి గదికి వెళ్లి చెప్పుకొనేవాళ్లం, ఆయనా వినేవారు. ఇప్పుడు నర్సులు కొందరు యూనియన్ పెడదామంటున్నారు. మిగిలినవారు ఆ మాట వింటేనే భయపడుతున్నారు. ఇప్పుడే చేరాలా, కొత్తవారి తీరు చూశాక చేరాలా? మా ఇంటికి నా జీతమే ఆధారం. తెలిసినవారు దయచేసి చెప్పండి.

ఆటోనగర్_రెంచి, ఆదివారం

చెల్లెమ్మా, నీకు నచ్చకపోయినా చెబుతాను, తొందరపడవద్దు. మా బస్సు బాడీల షెడ్డు చేతులు మారినప్పుడు జెండా పట్టుకున్న ఆరుగురినే ముందు బయటికి పంపారు. నాయకుడని వచ్చిన ఆయన బయటి మనిషి. గేటు ముందు ఒక సభ పెట్టాడు, చందా వసూలు చేశాడు, ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. ఆ ఆరుగురిలో ఒకాయన ఇప్పటికీ రోజు కూలీగానే తిరుగుతున్నాడు. కొత్త యజమాని మొదటి నెలలో చూసేది ఒక్కటే, ఎవరు తలనొప్పి తెస్తారని. ఆ జాబితాలో నీ పేరు ఎందుకు? కొంతకాలం తల వంచుకుని పని చేసుకో.

గుంటూరు_సిస్టర్, ఆదివారం

అన్నగారూ, మా దగ్గర అందరూ తల వంచుకునే పని చేశారు. ఏం జరిగిందో చెబుతాను.

గుంటూరులో నేను పనిచేసిన ఆసుపత్రి కూడా ఇలాగే అమ్ముడుపోయింది. ఇవే రెండు కాగితాలు. ఎవరూ నోరెత్తలేదు. ప్రొబేషన్ ఆరు నెలలు గడవగానే "పనితీరు సంతృప్తికరంగా లేదు" అని నాలుగు లైన్ల ఉత్తరం ఇచ్చి ఇరవై మందికి పైగా పంపేశారు. వారిలో ఆపరేషన్ థియేటర్‌లో పద్నాలుగేళ్లు చేసిన సిస్టర్ ఒకరు. జూనియర్ డాక్టర్లకు పరికరాల పేర్లు నేర్పిన మనిషి ఆమె. కాగితం మీద మాత్రం ఆమె సర్వీసు ఆరు నెలలే.

జెండా పట్టుకున్నవారినే తీస్తారనడం నిజం కాదు. జీతం ఎక్కువైనవారిని తీస్తారు. పాత మనిషి జీతానికి ఇద్దరు కొత్తవారు వస్తారు కదా.

బ్రాడీపేట_లాయరు, ఆదివారం రాత్రి

కార్మిక కేసులే చూస్తుంటాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అన్నిటికంటే ముందు, ఎవరూ రాజీనామా మీద సంతకం చేయవద్దు. దాన్ని ఇంతగా అడుగుతున్నారంటే అది లేకపోతే వారికి ఇబ్బంది ఉందన్నమాట. యాజమాన్యం చేతులు మారితే కార్మికులను వట్టి చేతులతో వదిలేయడానికి వీల్లేదు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25 ఎఫ్ఎఫ్ సెక్షన్ ఇదే చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ ఏర్పాటు ఉంది. ఏడాదికి తగ్గకుండా పనిచేసినవారికి సర్వీసు తెగకుండా, షరతులు తగ్గకుండా, రేపు తీసేయాల్సి వస్తే పాత సర్వీసుకు కూడా కలిపి పరిహారం ఇచ్చే బాధ్యతతో కొత్త యజమాని తీసుకుంటే సరే. ఈ మూడింటిలో ఏది లోపించినా, రిట్రెంచ్‌మెంట్, అంటే సిబ్బంది తగ్గింపు కింద తొలగింపు, చేసినట్టే లెక్కగట్టి నోటీసు, ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. రాజీనామా చేశారంటే ఇదంతా పోతుంది. తనంతట తాను మానేసిన మనిషికి ఇవేవీ వర్తించవు. బలవంతంగా రాయించుకున్నారని తర్వాత వాదించవచ్చు గానీ, దాన్ని రుజువు చేసే భారం మీ మీదే పడుతుంది.

అమ్మకం ఏ రకమో కూడా కనుక్కోండి. ఆసుపత్రి ఒక కంపెనీగా ఉండి, దాని వాటాలు మాత్రమే చేతులు మారితే మీ యజమాని మారనట్టే. కంపెనీ అదే, వాటాదారులే వేరు. అప్పుడు కొత్త నియామక పత్రంతో పనే లేదు. ఆసుపత్రి డాక్టరుగారి సొంత సంస్థో భాగస్వామ్యమో అయి, దాన్ని కంపెనీ కొంటుంటే పైన చెప్పిన సెక్షన్ వర్తిస్తుంది.

ఇక అసలు విషయం. చట్టం ఉంది కదా, యూనియన్ ఎందుకని చాలామంది అడుగుతారు. అనకాపల్లి చక్కెర మిల్లు కేసు తెలుసుకోండి. ఒక కంపెనీ నడిపే ఆ మిల్లును సహకార సంఘం కొంది. తీసుకోకుండా వదిలేసిన కార్మికులు తమను పనిలోకి తీసుకోవాలని పోరాడారు. 1960ల తొలినాళ్లలో సుప్రీంకోర్టు తేల్చింది ఏమిటంటే, 25 ఎఫ్ఎఫ్ కింద వారికి దక్కేది అమ్మినవారి నుంచి పరిహారమే, కొన్నవారి దగ్గర ఉద్యోగం కాదు. అంటే చట్టం డబ్బు ఇప్పిస్తుంది. ఉద్యోగం కావాలంటే ఒప్పందం కావాలి. ఒప్పందం కుదుర్చుకోవడానికి అవతలివారు ఒక్కొక్కరితో కూర్చోరు. అమ్మకం పూర్తికాకముందు, పాత యజమాని మీద కూడా ఒత్తిడి పనిచేసే ఈ కొద్ది రోజుల్లోనే అది సాధ్యం. అందుకే చెల్లెమ్మగారు అడిగిన ప్రశ్నకు నా జవాబు, ఇప్పుడే చేరండి.

ఇబ్రహీంపట్నం_విశ్రాంత, సోమవారం

లాయరుగారి మాటకు నా అనుభవం కలుపుతాను. నేను విద్యుత్ బోర్డులో చేరి, విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కోలో రిటైరయ్యాను. 1999 ఫిబ్రవరి 1న బోర్డును జెన్‌కో, సరఫరా సంస్థ ట్రాన్స్‌కోగా విడగొట్టారు. మరుసటి ఏడాది పంపిణీ సంస్థలు విడిపోయాయి. రేపటి నుంచి మన జీతం ఎవరిస్తారు, పింఛను ఎవరిదని క్వార్టర్లలో ఒకటే చర్చ. మమ్మల్ని నిలబెట్టింది త్రైపాక్షిక ఒప్పందం. ప్రభుత్వం, బోర్డు, ఉద్యోగ సంఘాలు కూర్చుని సర్వీసు షరతులు తగ్గించబోమని రాసుకున్నాయి. ఇన్నేళ్లలో ఎన్ని సంస్కరణలు వచ్చినా మా వాళ్లు బల్ల మీద పెట్టేది ఆ కాగితమే. విడగొట్టిన తర్వాత అడిగి ఉంటే ఎవరిని అడగాలో కూడా తెలిసేది కాదు.

మన తెలుగువాడైన వి.వి. గిరిగారు రాష్ట్రపతి కాకముందు రైల్వే కార్మికుల నాయకుడు. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవి వదులుకున్నారు. కోర్టుల కన్నా యజమాని, సంఘం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే మేలని జీవితాంతం చెప్పిన మనిషి ఆయన. కూర్చోవాలంటే ఇటు వైపు కూడా కుర్చీలో ఎవరో ఒకరు ఉండాలి కదమ్మా.

పటమట_హెచ్ఆర్, సోమవారం

నేను అటు వైపు కుర్చీలో కూర్చునే మనిషిని. ఆసుపత్రుల్లో కాదు గానీ, ఇలాంటి రెండు కొనుగోళ్లలో పనిచేశాను. ఆ రాజీనామా వెనుక ఉన్న లెక్క చెబుతాను.

కొనేవారు పాత బాధ్యతలు లేకుండా కావాలంటారు. 240 మంది గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం), మిగిలిన సెలవుల డబ్బు అన్నీ బాధ్యతలే. అందరూ రాజీనామా చేస్తే ఖాతా శుభ్రం. ఐదేళ్లు నిండినవారికి పాత యాజమాన్యం గ్రాట్యుటీ కట్టి పంపాల్సిందే, అది ఎగ్గొట్టలేరు. కానీ నాలుగేళ్లు చేసినవారి గతి చూడండి. రాజీనామా చేస్తే వారికి గ్రాట్యుటీ కింద రూపాయి రాదు, కొత్త చోట మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలు. మీ దగ్గర అలాంటివారు ఎందరున్నారో ముందు లెక్కపెట్టండి.

బేసిక్ సంగతి అంతకన్నా ముఖ్యం. గ్రాట్యుటీని చివరి జీతం మీద, మొత్తం సర్వీసుకు లెక్కిస్తారు. 18 వేల మీద పదకొండేళ్లకు 15/26 సూత్రంతో (నెలకు 26 పనిదినాల లెక్కన ఏడాదికి 15 రోజుల జీతం) లక్షా 14 వేల పైచిలుకు వస్తుంది. అదే 11 వేల మీద 70 వేల లోపే. మీరు ఇప్పటికే పని చేసి సంపాదించుకున్న సర్వీసు విలువ ఒక్క సంతకంతో తగ్గిపోతుంది. కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలి. కాబట్టి మీ 26 వేలకు లెక్క 13 వేల మీద కట్టాలే తప్ప 11 మీద కాదు. మీరు ఆ కాగితం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఈ విషయం అడగండి.

ఒక సలహా కూడా. మొదటి ఉత్తరంలో నినాదాలు వద్దు. కొత్తవారికి ఆసుపత్రి ఒకటో తేదీ ఉదయం నుంచి నడవాలి. ల్యాబ్, ఐసీయూ తెలిసిన మనుషులు లేకుండా నడవదని వారికీ తెలుసు. అదే మీ బలం.

ల్యాబ్_సూర్యారావుపేట, సోమవారం రాత్రి

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో కొందరం కూర్చుని ఇవన్నీ చదువుకున్నాం. నాలుగేళ్లు దాటి ఐదు నిండనివారు మా ల్యాబ్‌లోనే ముగ్గురున్నారు. వారిలో ఒకమ్మాయి ఇప్పటికే సంతకం పెట్టేసింది, ఏడుస్తోంది.

కొన్ని సందేహాలు. ఆసుపత్రికి ఈ చట్టం వర్తిస్తుందా? మా వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్లు చేరవచ్చా? ఆటోనగర్ అన్నగారు చెప్పినట్టు సంఘం పెట్టినవారిని తీసేస్తే ఎలా? హౌస్‌కీపింగ్ వారు ఏజెన్సీ మనుషులు, వారి సంగతి ఏమిటి?

బ్రాడీపేట_లాయరు, సోమవారం రాత్రి

ఆసుపత్రి కూడా పరిశ్రమేనని 1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. కొత్త కోడ్ ధర్మసంస్థలకు మినహాయింపు ఇచ్చింది గానీ, లాభానికి నడిచే మీ ఆసుపత్రి అందులోకి రాదు.

ఇన్‌ఛార్జి అనే పేరు ముఖ్యం కాదు, పని ముఖ్యం. ఇంజెక్షన్లు ఇస్తూ, కేస్‌షీట్లు రాస్తూ, పక్కనే డ్యూటీ చార్టు కూడా వేసే సిస్టర్ ప్రధానంగా చేసేది నర్సు పనే. నిజంగా పర్యవేక్షణ మాత్రమే చేస్తూ నెలకు 18 వేలు దాటి జీతం తీసుకునేవారు వివాదాల విషయంలో కార్మికుల నిర్వచనం బయటికి వెళతారు, సంఘంలో చేరడానికి మాత్రం అది అడ్డు కాదు.

అమ్మాయిని ధైర్యంగా ఉండమనండి. సంతకం ఏ పరిస్థితిలో పెట్టించారో వివరిస్తూ, రాజీనామా ఉపసంహరించుకుంటున్నానని రేపే ఉత్తరం ఇవ్వాలి. ఆమోదించకముందు ఇస్తే బలంగా నిలుస్తుంది. స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ రెండు దారుల్లో పంపండి.

తొలగింపు భయానికి సమాధానం. సంఘం పెట్టడానికి ఏడుగురు దరఖాస్తు చేయాలి. సిబ్బందిలో పదో వంతు లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. మీకు 24 మంది చాలు. కానీ 24 దగ్గర ఆగితే ఆ 24 మందే కనిపిస్తారు. సగానికి పైగా చేరాకే పేర్లు బయటపెట్టండి. అంత వ్యవధి లేదనుకుంటే జిల్లాలో ఇప్పటికే రిజిస్టరైన సంఘంలో సభ్యులుగా చేరి, ఆ తర్వాత మీ శాఖ పెట్టుకోవచ్చు.

వెంటనే కార్మిక శాఖ కార్యాలయంలో వివాదం లేవనెత్తండి. కన్సిలియేషన్ (కార్మిక శాఖ అధికారి సమక్షంలో రాజీ చర్చలు) మొదలయ్యాక ఆ వివాదానికి సంబంధించిన సర్వీసు షరతులను యాజమాన్యం మార్చకూడదు, దానికి సంబంధించిన కారణంతో అనుమతి లేకుండా ఎవరినీ తీసేయకూడదు. సంఘం ఆఫీసు బేరర్లలో కొందరికి రక్షిత కార్మికుల హోదా అడగవచ్చు. సిబ్బందిలో ఒక శాతం, కనీసం ఐదుగురు. మీ లెక్కకు ఐదుగురే. ఇది ఉంటే ఆటోనగర్ షెడ్డులో జరిగినట్టు చేయడం అంత సులభం కాదు. వేతనాలు, పనివేళలు, సెలవులు మార్చాలన్నా 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇవేవీ మీ అంతట మీరు అడగకపోతే ఎవరూ తెచ్చి ఇవ్వరు.

ఏజెన్సీ వారికి కాగితం మీద యజమాని ఏజెన్సీ. అయినా వారూ సంఘంలో చేరవచ్చు. వారిని వదిలేయవద్దని నా వ్యక్తిగత అభిప్రాయం. కొత్త యాజమాన్యం మొదట మార్చేది ఆ కాంట్రాక్టునే.

బందరురోడ్డు_బ్యాంకు, మంగళవారం

నేను ఆంధ్రా బ్యాంకులో పనిచేశాను. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో పెట్టిన బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పేరు బోర్డు మారిన రోజు మా అందరికీ బాధ కలిగింది, అది వేరే సంగతి. కానీ జీతం గురించి ఎవరికీ కొత్త నియామక పత్రం ఇవ్వలేదు. ఎందుకంటే 1966 నుంచి బ్యాంకు ఉద్యోగుల జీతాలు యాజమాన్యాలు, సంఘాల మధ్య ద్వైపాక్షిక ఒప్పందాల్లో తేలుతున్నాయి. ఏ బ్యాంకు ఏ బ్యాంకులో కలిసినా స్కేలు అదే. ఒక తరం ముందువారు చందాలు కట్టి, జీతాలు కోల్పోయి తెచ్చిన ఒప్పందం నన్ను నా అరవయ్యో ఏడు దాకా కాపాడింది. మీ తర్వాత వచ్చే అమ్మాయిల కోసమైనా చేరండి.

ఆటోనగర్_రెంచి, మంగళవారం

లాయరుగారు చెప్పిన రక్షిత హోదా గురించి మాకు ఎవరూ చెప్పలేదు. మాది 18 మంది షెడ్డు, అదీ తేడానే. సరే, చేరండి. కానీ నేను ఒక మాట వదలను. నాయకుడు మీలోనివాడై ఉండాలి. డబ్బు లెక్క ప్రతి నెలా గోడకు అంటించాలి. బయటివారిని సలహాకు పిలవండి, సంతకాల అధికారం ఇవ్వవద్దు. మా వాళ్లు చెడింది యజమాని వల్ల సగం, ఆ లెక్కల వల్ల సగం.

బ్రాడీపేట_లాయరు, మంగళవారం

ఇది సరైన మాట. చట్టం కూడా ఆఫీసు బేరర్లలో బయటివారు మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతకు మించకూడదంటుంది. రసీదు లేకుండా చందా తీసుకోవద్దు.

ల్యాబ్_సూర్యారావుపేట, శుక్రవారం

ఇంతవరకు జరిగింది చెబుతున్నాను. అందరం కలిసి ఒకే ఉత్తరం రాశాం. అందులోని ముఖ్యమైన భాగం ఇది:

"మేము ఎవరమూ రాజీనామా చేయడం లేదు. ప్రస్తుత సర్వీసు, జీతం, సెలవులు, గ్రాట్యుటీ లెక్క కొనసాగింపుతో కొత్త యాజమాన్యం కింద పనిచేయడానికి మేమందరం సిద్ధంగా ఉన్నాం. రోగుల సేవకు ఆటంకం కలగకూడదన్నదే మా కోరిక. ఈ విషయమై పాత, కొత్త యాజమాన్యాలు రెండూ మా ప్రతినిధులతో మాట్లాడాలని కోరుతున్నాం."

రాత్రి డ్యూటీ మారే వేళ, మెట్ల దగ్గర నిలబడి సంతకాలు తీసుకున్నాం. 160 దాటాయి. పేర్లు ఎవరు ముందో ఎవరు వెనుకో తెలియకుండా గుండ్రంగా పెట్టమని ఫార్మసీలో పనిచేసే పెద్దాయన చెప్పారు, అలాగే పెట్టాం. ల్యాబ్ అమ్మాయి ఉపసంహరణ ఉత్తరానికి డాక్టరుగారు స్వయంగా అందినట్టు సంతకం చేసి ఇచ్చారు. ఆయనకు ఆ రాజీనామా కాగితాల సంగతి పూర్తిగా తెలియదని మాకు అనిపించింది. సోమవారం మాట్లాడదామన్నారు.

కార్మిక శాఖ కార్యాలయంలో కాపీ ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. జిల్లాలో ఉన్న సంఘంలో సభ్యత్వాలు మొదలుపెట్టాం. కార్యవర్గంలో ఏడుగురూ మా వాళ్లే, ఇద్దరు నర్సులు, ఒక వార్డుబాయ్, ఫార్మసీ నుంచి ఒకరు, ల్యాబ్ నుంచి నేను, బిల్లింగ్ నుంచి ఒకరు, హౌస్‌కీపింగ్ నుంచి ఒకమ్మ. రసీదు పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది. ఆఫీసు గదిలోకి పిలవడం మాత్రం బుధవారం నుంచి ఆగిపోయింది.

లాయరుగారూ, సోమవారం మాటల్లో "జీతం తగ్గదు" అని నోటితో చెబితే చాలదు కదా? ఏమేం రాయించుకోవాలి?

బ్రాడీపేట_లాయరు, శుక్రవారం రాత్రి

నోటిమాట చాలదు. మొదట చేరిన తేదీ నుంచి సర్వీసు కొనసాగుతుందని, ప్రొబేషన్ లేదని, బేసిక్ తగ్గదని, మిగిలిన సెలవులు బదిలీ అవుతాయని, ఇప్పటికే తీసుకున్న రాజీనామాలు చెల్లవని రాయించండి. పీఎఫ్ పాత ఖాతాలోనే కొనసాగాలి, ఎవరూ డబ్బు వెనక్కి తీసుకోకండి, పీఎఫ్ పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు నిండాలి. బదిలీ షరతు మీద గట్టిగా మాట్లాడండి, ఒంటరి మహిళల మీద యాజమాన్యానికి అదే పెద్ద ఆయుధం అవుతుంది. పాత, కొత్త యాజమాన్యాలు రెండూ సంతకం చేయాలి. వీలైతే కన్సిలియేషన్ అధికారి ముందే చేయించండి, అప్పుడది సంఘంలో లేనివారికి కూడా వర్తిస్తుంది. ముసాయిదా ఆదివారం సాయంత్రానికి పంపండి, చూసి పెడతాను.

గుంటూరు_సిస్టర్, శుక్రవారం రాత్రి

మా దగ్గర పంపేసినవారికి ఇచ్చిన ఉత్తరాల కాపీలు నా దగ్గర ఉన్నాయి. పేర్లు కొట్టేసి ఆదివారం తెస్తాను. ప్రొబేషన్ షరతు ఎందుకు ఒప్పుకోకూడదో మీ వాళ్లకు చూపించడానికి పనికొస్తాయి. బస్టాండు నుంచి మీ ఆసుపత్రికి దారి చెప్పండి చాలు.